పొలం పక్కన రాళ్ళు పాతేశారు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూచుంటే తెగుళ్ళ గురించి, విత్తనాల గురించి అడిగినవి రెండో మూడో తగిలాయంతే. మిగతావన్నీ ఒకటే మాట, పొలాల్ని ఇళ్ళ ప్లాట్లుగా కోసే లేఅవుట్లు. విశాఖ చుట్టుపక్కల ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి, సబ్బవరం, ఎటు నుంచి వచ్చినా అదే. ఆనందపురం నుంచి అనకాపల్లి దాకా ఆరు లైన్ల రోడ్డు పడింది, అటు భోగాపురం ఎయిర్‌పోర్టుకి 2023 మేలో శంకుస్థాపన అయింది, ఇంక ఈ మధ్యలో ఉన్న ఊళ్ళల్లో ఎకరం లెక్క పోయి గజం లెక్క వచ్చేసింది. నేను వ్యవసాయ శాఖలో ఫీల్డ్ మీద తిరిగిన రోజుల్లో ఈ ఊళ్ళకి వెళ్తే ఏం పంట వేశారండీ అని అడిగేవాణ్ణి, ఇప్పుడు వెళ్తే వాళ్ళే నన్ను గజం ఎంత పలుకుతుందండీ అని అడుగుతున్నారు. అందుకని ఈ నెల పేజీలు మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను, పురుగుమందుల గురించి రాసినవాళ్ళు ఏమీ అనుకోవద్దు, మీకు విడిగా జవాబు పంపుతాను. చాలామంది పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు, అందుకే ఎవరివీ వెయ్యట్లేదు.

ప్రశ్న: సార్, మేం పద్నాలుగేళ్ళ నుంచి ఒకాయన పొలం రెండెకరాలు కౌలుకి చేస్తన్నాం. అర ఎకరం మల్లితోట, మిగతాది వంగ, బెండ, ఆనప. ఓనరు గారు సిటీలో ఉంటారు. సంక్రాంతికి వచ్చి పొలం అమ్మేశాం, ఉగాది లోపు ఖాళీ చేసీండి అన్నారు. మల్లి ఇప్పుడే మొగ్గ తొడుగుతోంది. మాకు కాయితం ఏమీ లేదు, నోటిమాటే. మాకేటైనా వస్తదా? మా ఆయన అదే లేఅవుట్లో వాచ్‌మెన్‌గా చేరిపోతానంటన్నాడు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు మల్లి సంగతి మాట్లాడదాం, తొందర దానిదే కదా. మీరూ మీ ఆయనా కలిసి ఓనరు గారి దగ్గరికి వెళ్ళండి, ఊళ్ళో నలుగురూ మాట వినే పెద్దమనిషిని ఒకర్ని తోడు తీసుకెళ్ళండి. ఖాళీ చెయ్యం అని మొదలుపెట్టొద్దు, ఈ వేసవి పూలు కోసుకోనివ్వండి అని ఒక్కటే అడగండి. కొన్నవాళ్ళు రేపే వచ్చి ఇళ్ళేమీ కట్టేయరు, సర్వే అవ్వాలి, ప్లాను గీయించాలి, అప్రూవల్ రావాలి, రోడ్లు వెయ్యాలి, దానికి నెలలు పడుతుంది, ఈలోపు తోట పీకేస్తే వాళ్ళకీ ఒరిగేదేం లేదు, వయ్యారిభామ కలుపు మొలుస్తుంది అంతే. ఇలా నెమ్మదిగా అడిగితే ఒప్పుకున్నవాళ్ళని నేను చూశాను. ఒప్పుకుంటే మాత్రం ఈసారి నోటిమాట మీద వదలొద్దు, ఫలానా నెలాఖరు వరకు అని కాగితం మీద రాయించి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి.

ఇక హక్కు సంగతి. కోస్తా జిల్లాలకి 1956 నాటి కౌల్దారీ చట్టం ఒకటుండేది. కౌలుకిచ్చిన భూమి అమ్మాలనుకుంటే ముందు సాగు చేస్తున్న కౌల్దారుకి నోటీసివ్వాలి, కొనే అవకాశం ముందు అతనికే ఇవ్వాలి అని అందులో ఉండేది. చాలామంది ఓనర్లకి ఈ సంగతే తెలిసేది కాదు, తెలిసినవాళ్ళు అందుకే కాగితం రాసేవాళ్ళు కాదు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, దాంట్లో 11 నెలలకి కౌలు కార్డు ఇస్తారు, అయితే ఓనరు ఒప్పుకుని సంతకం పెట్టాలి, మీ దగ్గర అదీ లేదు. అయినా సరే, ఆ పద్నాలుగేళ్ళూ మీరే చేశారనడానికి ఏమున్నాయో అన్నీ ఒకచోట పెట్టండి. ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం వాళ్ళ పంట నమోదులో, మీ ఆయన పేరు ఎక్కించారేమో చూడండి, ఎరువుల బిల్లులు, రైతుబజారు కార్డు ఉంటే అది, పూల మార్కెట్‌లో కమిషన్ వాళ్ళిచ్చిన చీటీలు కూడా పారెయ్యొద్దు. అవి పట్టుకుని జిల్లా కోర్టులో ఉండే న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు, కాబట్టి అర్జీ మీ పేరు మీద పెట్టండి, మీ ఆయన పేరు మీద కాదు. గెలుస్తారని నేను మాటివ్వలేను. కానీ అర్జీ పడిందంటే ఓనరు గారు కూర్చుని మాట్లాడతారు, తోటకి ఎంతో కొంత కట్టిస్తారు.

ఇక్కడ నాకు కడుపు మండే విషయం ఒకటుంది, రాయకపోతే ఉండలేను. అదే భూమి ప్రభుత్వం తీసుకుంటే, 2013 భూసేకరణ చట్టం ప్రకారం, అంతకుముందు మూడేళ్ళ నుంచి ఆ నేల మీద బతుకుతున్న కౌల్దారూ, కూలీ కూడా నష్టపోయిన కుటుంబం కిందకే వస్తారు. ప్రైవేటు వాళ్ళు కొంటే మీరు లెక్కలోకే రారు. పాసుబుక్కులో పేరున్నాయనకి కోట్లు, ఆ మట్టిని పద్నాలుగేళ్ళు తిరగేసినవాళ్ళకి ఉగాది దాకా టైము.

మల్లితోట అంటే ఏంటో సిటీలో చాలామందికి తెలీదు. ఎండ రాకముందే మొగ్గ కొయ్యాలి, విచ్చుకుందంటే మార్కెట్‌లో అడిగేవాడుండడు. తెల్లారుజామున మూడింటికి, నాలుగింటికి తలకి టార్చిలైటు కట్టుకుని, పమిట చెంగు ఒడిలా బిగించి, పాములకి భయపడుతూ వంగి వంగి కోస్తారు, ఏడు కొట్టేసరికి పూలు మార్కెట్‌కి చేరిపోవాలి. ఒక తోటలో మీలాంటి కౌల్దారు కుటుంబం కాక కోతకొచ్చే ఆడవాళ్ళు ఇంకో అయిదారుగురు ఉంటారు. తోట పోతే వాళ్ళ ఉత్తరం నాకు రాదు, ఎందుకంటే వాళ్ళకి అడగడానికి హక్కు ఉందన్న ఆలోచనే ఉండదు. ఆ మధ్య ఒక ఊళ్ళో అలా పూలు కోసిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు షేర్ ఆటోలో మధురవాడ అపార్ట్‌మెంట్లకి తుడుపు పనికి వెళ్తూ కనిపించారు. జీతం నెలనెలా వస్తుందండి, బాగానే ఉంది అన్నారు. అబద్ధం కాదు, అది కూడా రాయాలి. కానీ పెద్దామె చేతులు చూపించి, ఫినాయిలు వాసన పోవట్లేదండి, వెనక మల్లి వాసన పొయ్యేది కాదు అంది.

మీ ఆయన వాచ్‌మెన్‌గా చేరతానంటే తప్పు పట్టొద్దమ్మా. కాకపోతే చేరేముందు జీతం ఎంతో, ఉండటానికి గది ఇస్తారో లేదో, ప్లాట్లు అమ్ముడుపోయాక ఆ పని ఉంటుందో ఉండదో అడగమనండి. మామూలుగా ప్లాట్లు అయిపోయాక ఉండదు.

ప్రశ్న: మా పొలానికి పైన వెంచర్ వేశారు. ఎర్ర గ్రావెల్ పోసి మూడడుగులు లేపేశారు. మా తాతల నాటి నుంచి ఆ మీద నుంచి చిన్న గెడ్డ (వాగు) మా మడిలోకి వచ్చేది, దాన్ని పూడ్చి ఒక పైపు పెట్టారు. ఇప్పుడు వానొస్తే నీళ్ళన్నీ మా వరి మీద పడి మూడురోజులు నిలబడిపోతన్నాయి, వాన లేకపోతే చుక్క రాదు. అడిగితే మా స్థలంలో మేం ఏదైనా చేసుకుంటాం అంటున్నారు.

జవాబు: తమ్ముడూ, వాళ్ళ స్థలంలో వాళ్ళు ఏదైనా చేసుకోవచ్చు అనేది సగం నిజమే. గెడ్డ వాళ్ళ స్థలం కాదు. మీ ఊరి సచివాలయంలో సర్వేయర్ ఉంటారు, ఆ సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీ కాపీ అడగండి, అదే పొలం పటం. పాత ఎఫ్‌ఎంబీలో గెడ్డ గీత కనిపించిందా, అది పోరంబోకు, అంటే సర్కారు భూమి, దాన్ని ఎవరూ కొనలేరు, అమ్మలేరు, పూడ్చలేరు. ఒకవేళ పటంలో లేకుండా ఊరికే కాలవ పారుతూ వచ్చిందనుకోండి, అప్పుడు 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ఉంది, ఇరవై ఏళ్ళు అడ్డూ ఆపూ లేకుండా ఆ నీళ్ళు వాడుకున్నామని చూపించగలిగితే అది మీ హక్కు. మీ తాతల నాటిది అంటున్నారు కదా, ఊళ్ళో ముసలాళ్ళు ఇంకా ఉండగానే వాళ్ళ చేత చెప్పించండి, రేపు కోర్టుకి వెళ్ళాల్సి వస్తే వాళ్ళ మాటే సాక్ష్యం.

ఫోటోలు తీసి పెట్టుకోండి, వాన పడ్డ రోజునే, తేదీ పడేలాగ. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, అదే అర్జీ కాపీ లేఅవుట్‌కి పర్మిషన్ ఇచ్చిన ఆఫీసుకి కూడా ఇవ్వండి. ఇది చాలామంది చెయ్యరు, తాసిల్దారు చుట్టూనే తిరుగుతారు. లేఅవుట్ ప్లానులో గెడ్డ చూపించకుండా పర్మిషన్ తీసుకుని ఉంటే అక్కడే పట్టుకోవచ్చు. పర్మిషనే లేదనుకోండి, మీ పని ఇంకా సులువు.

మీరు చెప్పిన పైపు లాంటిదే ఒకటి నేను దగ్గర్నుంచి చూశాను. ఆనందపురం వైపు ఒక ఊళ్ళో, ఆరడుగుల వెడల్పు పారే గెడ్డకి అడుగున్నర సిమెంటు పైపు పెట్టారు, దాని మూతికి కొబ్బరి మట్టలు, ప్లాస్టిక్ సంచులు అడ్డం పడి ఉన్నాయి. పక్కన రైతు మోకాళ్ళ లోతు నీళ్ళల్లో దిగి చేత్తో ఆ చెత్త లాగుతున్నాడు, లాగిన ప్రతిసారీ బుస్సుమని కొంచెం నీళ్ళు వెళ్ళి మళ్ళీ ఆగిపోతున్నాయి. రోజూ ఇదే పనా అంటే, వర్షాకాలం అంతా ఇదేనండి, నాట్లకన్నా దీనికే ఎక్కువ కూలి పడుతోంది అన్నాడు. మన ఉత్తరాంధ్ర నేల తీరే అంత, పైన కొండలు, కింద సముద్రం, మధ్యలో చిన్న చిన్న గెడ్డలు, ఒక చెరువు నిండి అలుగు పారితే కింద చెరువు నిండటం. గొలుసులో ఒక రింగు తీసేస్తే కింద ఊళ్ళన్నిటికీ తెలుస్తుంది. పొలం కొన్నవాడు నాలుగు హద్దులే కొంటాడు, నీళ్ళకి ఆ నాలుగు హద్దులూ తెలీవు. మీలాంటి వాళ్ళు కింద ఇంకా ఎంతమంది ఉన్నారో చూసుకుని అందరూ కలిసి సంతకాలు పెట్టండి, ఒక్కరుగా వెళ్తే తిప్పుతారు.

ప్రశ్న: నాన్నగారు తాతల నాటి మూడెకరాలు అమ్మారు. డబ్బు అన్నయ్యలిద్దరికీ పంచేశారు. నాకు పెళ్ళప్పుడు ఇచ్చేశాం కదా అంటున్నారు. పెళ్ళి 1983లో అయింది. నాకు అడిగే హక్కుందా?

జవాబు: ఉందమ్మా. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చారు, అయితే అప్పటికే పెళ్ళయినవాళ్ళకి అది వర్తించలేదు, మీరు అక్కడ ఆగిపోయారు. 2005లో కేంద్రం చట్టం మార్చింది, దాంట్లో పెళ్ళి ఎప్పుడైందన్న షరతు లేదు. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా పుట్టుకతోనే హక్కు అని తేల్చి చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్డ్ పంపకాలు అయిపోయి ఉంటే మాత్రం తిరగదోడలేరు. మీ ఇంట్లో అలా ఏమీ జరగలేదనే అనిపిస్తోంది. తాతల నాటి భూమి అని పాత రెవెన్యూ రికార్డులు, అడంగల్‌తో, 1బీతో చూపించాలి. అన్నయ్యలతో మాట చెడుతుందనే భయం ఉంటుంది, తెలుసు, కానీ పెళ్ళికి పెట్టిన ఖర్చు వాటా కాదు. ఇంతకుముందు ఈ ఊళ్ళల్లో ఆడపిల్లలు పొలంలో వాటా అడిగేవాళ్ళు కాదు, పండక్కి బియ్యం, జీడిపప్పు, మామిడిపళ్ళు వచ్చేవి, పుట్టిల్లు ఉందన్న ధైర్యం ఉండేది. భూమి డబ్బయిపోయాక ఆ బియ్యం మూటా ఆగిపోయింది, వాటా కూడా రాలేదు. అడగండి.

ప్రశ్న: మాకు ప్రభుత్వం ఇళ్ళ స్థలం ఇచ్చింది, సెంటున్నర. ఇల్లు కట్టుకున్నాం, సంతోషమే. కానీ మాకు రెండు గేదెలు ఉన్నాయి. గడ్డి ఎక్కడ వెయ్యాలి, పేడ ఎక్కడ వెయ్యాలి? పక్కింటోళ్ళు వాసన అని గొడవ. గేదెలు అమ్మేయమంటారా?

జవాబు: అమ్మొద్దు అని చెప్పడం నాకు తేలిక, కష్టం మీది. ముందు లెక్క చూద్దాం. సెంటు అంటే 48.4 గజాలు, సెంటున్నర అంటే 72 గజాల చిల్లర. దాంట్లో ఒక గది, వంటిల్లు, బాత్రూం కడితే మిగిలేది మంచం వాల్చుకునేంత. 2020 డిసెంబరు నుంచి ఇచ్చిన స్థలాలు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సొంతిల్లు లేని మనిషికి ఆ సెంటున్నర ఎంత విలువైందో నాకు తెలుసు, అద్దె కట్టక్కర్లేదు, ఎవడూ పొమ్మనడు, పట్టా ఆడవాళ్ళ పేరు మీద ఇచ్చారు. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ ఇంటి ప్లాను గీసినవాళ్ళ మనసులో ఉన్నది పొద్దున డ్యూటీకి వెళ్ళి సాయంత్రం వచ్చే మనిషి. పల్లెటూరి ఇల్లంటే పశువుల సాల, గడ్డిమేటు, పెంటకుప్ప, కోళ్ళ గూడు, చోళ్ళు ఎండబెట్టుకునే చోటు, నాగలో స్ప్రేయరో పెట్టుకునే చూరు. ఇవన్నీ ఇంట్లో భాగమే, ఇంటి బయటివి కావు. ఇవి లేని ఇంట్లోకి రైతు కూలీ వెళ్తే ఏడాదిలో పాడి పోతుంది, రెండో ఏడు మేకలు పోతాయి, ఆ తర్వాత పాల ప్యాకెట్ కొనడం మొదలవుతుంది.

చెయ్యగలిగినవి చెప్తాను. మీ కాలనీలో పశువులున్నవాళ్ళు ఎంతమందో లెక్క తీయండి, అయిదారు ఇళ్ళున్నా చాలు. ఉపాధి హామీ కింద పశువుల షెడ్లు కట్టించారు, మినీ గోకులం అంటారు, ఇప్పుడూ ఇస్తున్నారేమో అడగండి, దానికి స్థలం మీదే చూపించాలి, అక్కడే చిక్కు. పాత ఊళ్ళో మీ అత్తగారి ఇల్లో, బావగారి దొడ్డో ఉంటే అక్కడ వేయించుకోండి, రోజూ రెండు పూటలా నడక తప్పదు కానీ గేదెలు ఉంటాయి. అది లేకపోతే గ్రామసభలో ఉమ్మడిగా పశువుల కోసం పంచాయతీ స్థలం కొంచెం కేటాయించమని తీర్మానం అడగండి. ఊరి మేత పోరంబోకు ఎంత ఉందో, ఎవరి చేతిలో ఉందో కూడా అప్పుడే అడగండి. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తీసేయించి గ్రామానికి అప్పజెప్పాలని 2011లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. పేడ సంగతి, రోజూ పక్కన కుప్ప పొయ్యకుండా దగ్గర్లో కూరగాయలు వేసే రైతుతో మాట్లాడుకుంటే ట్రాక్టర్ లెక్కన వాళ్ళే తీసుకెళ్తారు, ఇప్పుడు పశువుల ఎరువు దొరకడమే కష్టంగా ఉంది. మీరు ఏం చేశారో మళ్ళీ తప్పకుండా రాయండి.

ప్రశ్న: మా నాన్నకి డి-పట్టా భూమి ఉండేది, జీడితోట. ల్యాండ్ పూలింగ్‌లో ఎకరానికి 900 గజాలు ఇస్తామన్నారు. ఒక బ్రోకర్ వచ్చి ఆ 900 గజాల మీద ఇప్పుడే అగ్రిమెంట్ రాసుకుంటే డబ్బులిస్తానంటున్నాడు. రాసుకోమంటారా?

జవాబు: వద్దు బాబూ. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పూలింగ్ అంటే భూమి తీసుకుని, డబ్బుకి బదులు డెవలప్ చేసిన ప్లాటు ఇవ్వడం. 2020 జనవరిలో విశాఖ చుట్టుపక్కల పది మండలాల్లో పేదల ఇళ్ళ స్థలాల కోసం 6,116 ఎకరాలు పూలింగ్‌లో తీసుకోవాలని జీవో ఇచ్చారు. ఎసైన్డ్ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన డి-పట్టా, ఉన్నవాళ్ళకి ఎకరానికి 900 గజాలు, పట్టా లేకుండా పదేళ్ళు పైబడి సాగు చేస్తున్నవాళ్ళకి 450, అయిదు నుంచి పదేళ్ళ మధ్య వాళ్ళకి 250. కోర్టు కేసుల వల్ల ఆగి ఆగి 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో ఇళ్ళ పట్టాల పంపిణీ మొదలైంది.

ఎకరం అంటే 4,840 గజాలు, దాంట్లో 900 అంటే అయిదో వంతు కన్నా తక్కువ. అయినా డెవలప్ చేసిన ప్లాటు కాబట్టి రూపాయల్లో చూస్తే చాలా ఎక్కువ రావచ్చు, రాదని నేననను. అందుకే ఇప్పుడు తొందరపడి తెల్లకాగితం మీద రాసివ్వొద్దు అంటున్నాను. ప్లాటు నంబరు తేలి, మీ నాన్నగారి పేరు మీద రిజిస్ట్రేషన్ అయ్యి, కాగితం చేతికొచ్చాక అప్పుడు అమ్మాలో వద్దో ఇంట్లో అందరూ కూర్చుని అనుకోండి. బ్రోకర్ ఇచ్చే టోకెన్ అడ్వాన్సు ఒకసారి చేతిలో పడిందంటే మళ్ళీ వెనక్కిచ్చే పరిస్థితి మన ఇళ్ళల్లో ఉండదు, ఆ సంగతి అతనికి మీకంటే బాగా తెలుసు.

జీడితోట ఊసెత్తారు కాబట్టి ఒకటి. ఆ తోట ఒక్క జీడిపిక్కలే కాదు కదా ఇచ్చేది. ఎండాకాలం పిక్కల ఏరుడు, ఎండుపుల్లల పొయ్యి, చెట్ల కింద మేకలు, వానలు పడ్డాక చెట్ల సందుల్లో ఉలవలు. దీనికెవరూ రేటు కట్టలేదు. పిక్కలు ఏరడానికి వచ్చే కూలీలకి 250 గజాలు కూడా లేవు.

ప్రశ్న: పొలం అమ్మిన డబ్బు మీద ట్యాక్స్ పడుతుందా?

జవాబు: పొలం ఎక్కడుందన్న దాన్ని బట్టి. జనాభా పది లక్షలు దాటిన కార్పొరేషన్ హద్దు నుంచి కాకి దారిన, అంటే నేరుగా గీత గీస్తే, ఎనిమిది కిలోమీటర్ల లోపు ఉంటే పడుతుంది, దాటి ఉన్న నిజమైన పల్లె పొలమైతే పడదు. మన జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) హద్దులు భీమిలి దాకా పోయాయి కాబట్టి మీది లోపలే ఉండొచ్చు. రెండేళ్ళలోపు వేరే చోట వ్యవసాయ భూమి కొంటే మినహాయింపు ఉంది. డబ్బు ఖర్చుపెట్టకముందే ఆడిటర్‌ని కలవండి, కారు కొన్నాక కాదు.

ప్రశ్న: నేను స్టీల్‌ప్లాంట్ వైపు చిన్న ఉద్యోగం చేస్తున్నాను. పదేళ్ళు దాచుకుని ఆనందపురం దగ్గర 200 గజాలు కొన్నాను. ఇల్లు కట్టే స్తోమత ఇప్పట్లో లేదు. మీరు లేఅవుట్ల గురించి రాసేది చదువుతుంటే నేనేదో రైతు పొట్ట కొట్టినట్టు అనిపిస్తోంది. నేను చేసింది తప్పా?

జవాబు: తప్పు కాదండీ. పిల్లలకి ఒక గూడు ఉండాలనుకోవడం ఎప్పుడూ తప్పు కాదు. ఈ ఉత్తరం రాసినందుకు మీకు నమస్కారం చెప్పుకుంటున్నాను.

ముందు మీ ప్లాటు భద్రం చేసుకోండి. ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ పర్మిషన్ నంబరు, ఉందో లేదో, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చెయ్యకూడని 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోండి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం పంచాయతీకో కార్పొరేషన్‌కో రాసిచ్చారో లేదో కనుక్కోండి, ఆ పార్కు స్థలాన్ని కూడా ప్లాట్లు చేసి అమ్మేసిన చోట్లు ఉన్నాయి. ఒకసారి గట్టి వాన పడ్డ రోజు వెళ్ళి చూడండి, నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో. పైన ఒక తమ్ముడు గెడ్డ గురించి రాశాడు కదా, అలాంటి పైపు మీ వెంచర్‌లో ఉంటే రేపు మీ ఇంట్లోకే నీళ్ళు.

నాకు అసలు బాధ ఎక్కడంటే, పొలాలు ఇళ్ళయిపోతున్నాయని అంటాం గానీ నిజానికి చాలావరకు ఇళ్ళు కూడా అవ్వట్లేదు. భీమిలి వైపు, పద్మనాభం వైపు పదిహేనేళ్ళ కిందట వేసిన వెంచర్లు ఉన్నాయి, ఆర్చి రంగు వెలిసిపోయింది, తారు రోడ్డు పగిలి గడ్డి మొలిచింది, వంద ప్లాట్లలో నాలుగు ఇళ్ళు. మిగతా అంతా తుమ్మ, వయ్యారిభామ, పందికొక్కులు, అడవిపందులు. ఆ పందులు పక్కనున్న చేలల్లో పడి చిలగడదుంప, వేరుశనగ తవ్వేస్తుంటే మిగిలిన ఒకరిద్దరు రైతులు కూడా విసిగిపోయి అమ్మేస్తున్నారు. అటు పంటా లేదు, ఇటు గూడూ లేదు, కొన్నవాళ్ళంతా రేటు పెరుగుతుందని చూస్తున్నారు. రైతుబజారు పెట్టిన కొత్తలో, 1999 తర్వాత, ఆనందపురం, పద్మనాభం వైపు నుంచి పొద్దున్నే బస్సుల మీద కూరగాయల గంపలు ఎక్కేవి, కండక్టరుకి కాలు పెట్టే చోటుండేది కాదు. ఆ తోటల్లో కొన్ని ఇప్పుడు ఈ ఖాళీ వెంచర్ల కిందే ఉన్నాయి.

అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ 200 గజాలు అంటే నాలుగు సెంట్ల చిల్లర, ఇప్పట్లో కట్టనంటున్నారు. మీ పక్క ప్లాట్ల వాళ్ళు ఎవరో కనుక్కోండి, అమ్మిన ఏజెంట్ దగ్గర నంబర్లుంటాయి. పది మంది కలిస్తే అది నలభై సెంట్లు, ఆకుకూరలకి, బెండకి, వంగకి బ్రహ్మాండమైన మడి. గ్రావెల్ పొయ్యని ప్లాట్లయితే మట్టి ఇంకా బతికే ఉంటుంది, పోసిన చోట పైది గీకి పశువుల ఎరువు తోలాలి. నీళ్ళకి వెంచర్ బోరు, ట్యాంకు ఉంటే సరిపోతుంది. స్థలం పోతుందన్న భయం అక్కర్లేదు, పైన చెప్పిన 2019 చట్టం ప్రకారం 11 నెలలకి కాగితం రాసుకుంటే సాగు మీద తప్ప భూమి మీద కౌల్దారుకి ఏ హక్కూ రాదు. మీరు ఇల్లు మొదలుపెట్టే నాటికి ఖాళీ చేయించుకోవచ్చు, ఈలోపు ప్లాటు శుభ్రంగా ఉంటుంది, ఎవడూ హద్దు రాళ్ళు జరపడు.

మొదటి ఉత్తరం రాసిన అమ్మ ఉందే, ఉగాదికి ఆమె పొలం ఖాళీ చెయ్యాలి, చేతిలో పద్నాలుగేళ్ళ పని ఉంది, నేల లేదు. ఆమె ఊరికీ మీ ప్లాటుకీ మరీ దూరం లేదని ఉత్తరాలు చూస్తే అనిపిస్తోంది. మీకు ఇష్టమైతే పత్రిక అడ్రసుకి ఒక కార్డు రాయండి, ఆమెకీ రాస్తాను, ఒక ఆదివారం ముగ్గురం కలిసి వెళ్ళి మట్టి చూసొద్దాం. తోటకూర అయితే పాతిక రోజులకే కోతకొస్తుంది.